వెండి గొట్టంలో పదమూడో ఎక్కం

ముక్కుకు ఇప్పుడే దురద పుట్టాలా. పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు ఊరుకుంది, మెట్లెక్కుతున్నప్పుడు ఊరుకుంది, చెప్పులు విడిచి ప్రయోగశాల జోళ్లు తొడుక్కుంటున్నప్పుడు ఊరుకుంది, చేతులు ఖాళీగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండి, రెండు చేతులూ మోచేతులు దాటి ఈ నల్ల రబ్బరు తొడుగుల్లోకి దూరాక మాత్రం ఎడమ పక్క, కళ్లజోడు ఆనే చోట, చీమ పాకినట్టు మొదలైంది. చేతులు బయటికి తీస్తే గోక్కోవచ్చు, తీయను, గొట్టం సగంలో ఉండగా తీయకూడదు, కాబట్టి మొహం ముందుకు చాపి ముక్కును గాజు పలకకు రాస్తున్నాను, కొయ్యకు మెడ రాసుకునే ఆవులాగా, చూసేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది, అందరూ భోజనాలకు వెళ్లారు. ఈ గాజు మీద ఇంతకుముందు రాసుకున్నవాళ్ల ముక్కుల గుర్తులు కూడా ఉన్నాయి, ఎత్తును బట్టి ఏది ఎవరిదో చెప్పొచ్చు, అన్నిటికంటే పైనున్నది మా సార్‌ది, అంత పెద్ద శాస్త్రవేత్తకూ ఇదే దురద, ఇదే మందు అనుకుంటే నవ్వొస్తుంది, నవ్వితే గాజు మీద ఆవిరి పడుతుంది, ఆవిరి పడితే లోపల గొట్టం మూతి కనబడదు, కాబట్టి నవ్వకు తల్లీ, చెంచా చూడు.

చెంచాలో ఉన్నది మా పౌడరు. చూడటానికి నల్లగా, దీపం మసిలా, ఏ గొప్పా లేనట్టు ఉంటుంది. బేరియం, పొటాషియం, ఇనుము, పాషాణం అనే ఆర్సెనిక్, ఈ నాలుగూ తూచి, మరలో ఆడించి, కొలిమిలో కాల్చి, నూరి, మళ్లీ కాల్చి తెచ్చుకున్న పౌడరు, దీని వెనక నా వేసవి మొత్తం ఉంది. గాలి తగిలితే అలుగుతుంది, తేమ తగిలితే పాడైపోతుంది, అందుకే గాలికి బదులు ఆర్గాన్ నింపిన ఈ గాజు పెట్టెలో, చలిగాలి సోకనివ్వని పురిటిబిడ్డలా దాచుకుంటాం. గ్లవ్ బాక్స్ అంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. చేపల తొట్టి లాంటిది, అందులో చేపలు నా చేతులే అన్నాను, వెంటనే అర్థమైపోయింది. పాషాణం సంగతి మాత్రం నాన్న ఒక్కడికే చెప్పాను, అమ్మకు చెప్పకు, కంగారు పడుతుంది అన్నాను, నాన్న సరేనన్నాడు, రెండు రోజులు తిరక్కుండా అమ్మ ఫోన్ చేసి గొంతు తగ్గించి, "ఆ పాషాణంతో జాగ్రత్తే అమ్మలూ, మీ నాన్నకు మాత్రం తెలియనివ్వకు, అసలే పిరికివాడు" అంది. ఇప్పటికీ వాళ్లిద్దరూ ఒకరినుంచి ఒకరు ఆ రహస్యం కాపాడుకుంటూ ఒకే కంచం ముందు కూర్చుంటున్నారు. నాకు తెలిసినంతలో ఇంత చక్కటి కాపురం ఇంకోటి లేదు.

గొట్టం వెండిది. చిటికెన వేలంత లావు, మూరెడు పొడవు, కింద బిరడా, పైన తెరిచిన నోరు. చెంచాతో కాస్త పోయడం, సన్నటి స్టీలు కడ్డీతో దట్టించడం, మళ్లీ పోయడం, మళ్లీ దట్టించడం, పని ఇంతే, చూసేవాళ్లకు పిల్లలు ఇసుకతో ఆడుకుంటున్నట్టే ఉంటుంది. నిండాక దీన్ని ఒకదానికంటే ఒకటి సన్నని కంతల్లోంచి లాగి లాగి తీగ చేస్తారు, ఆ తీగను ఉక్కు రోలర్ల మధ్య అదిమి రిబ్బనులాంటి టేపు చేస్తారు, పైన వెండి, లోపల మా నల్ల పౌడరు, మూరెడు గొట్టం కాస్తా మా ఇంటి సందు ఈ చివరినుంచి ఆ చివరికి వచ్చేంత టేపవుతుంది. దాన్ని వేడిలో ఒత్తి, ద్రవ హీలియం చలిలో ముంచితే కరెంటు అందులో ఏ అడ్డూ లేకుండా, పిసరంత వేడి పుట్టకుండా పరుగెడుతుంది. అలా పరుగెత్తించే తీగలు వేరేవీ ఉన్నాయి, కాకపోతే గట్టి అయస్కాంతం దగ్గరికి చేరేసరికి వాటిలో చాలావాటికి కాళ్లూ చేతులూ ఆడవు, మా ఇనుప టేపు మాత్రం ఎంత అయస్కాంతం మధ్య కూర్చోబెట్టినా తన పని తను చేసుకుపోతుంది, అందుకే దీంతో కాయిల్ చుట్టి, పెద్ద అయస్కాంతం కడుపులో పెట్టి, దాని బలం ఇంకా పెంచుదామని మా తాపత్రయం. నాన్న ఈ విషయాన్ని తన ఇస్త్రీ దుకాణానికి వచ్చే ప్రతివాళ్లకూ చెప్తాడు. మా అమ్మాయి చేసే తీగలో కరెంటు ఊరికే పారుతుందండీ అంటాడు, వాళ్లు చొక్కాలు లెక్కపెట్టుకుంటూ, అయితే ఆ తీగ మా ఇంటికి కూడా ఒక నాలుగు గజాలు తెప్పించకూడదూ, ఫ్యానుకు వేసుకుంటాం అంటారు. ముందు ఇంటి నిండా ద్రవ హీలియం పోసుకోవాలని నాన్న చెప్పడు. చూస్తానండీ, అమ్మాయినడుగుతాను అని హుందాగా తల ఊపుతాడు.

మొన్నటి సమావేశంలో సార్ అందరి ముందూ అనేశారు, ఈసారి కాయిల్ ఒకే టేపుతో, మధ్యలో అతుకు లేకుండా అని. ఆ టేపు ఈ గొట్టంలోంచే రావాలి. ఇంతవరకు నేను నింపినవన్నీ జానెడు గొట్టాలు, పరీక్ష ముక్కల కోసం, ఇదే మొదటి పొడవాటిది, నాకు ఇవ్వాలని సార్ అన్నప్పుడు గదిలో ఉన్న సీనియర్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు, నేను మాత్రం నా జోళ్లవైపు చూసుకున్నాను. వచ్చేవారం పెద్ద అయస్కాంతం మా వంతు. అది దాటిపోతే మళ్లీ ఎప్పుడో, క్యూలో మా వెనక ఎంతమంది ఉన్నారో దేవుడికెరుక. పౌడరు కూడా ఇంతే ఉంది, ఒక్క గొట్టానికి సరిపడా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదటిదాన్ని కాబట్టి, చెయ్యి జారితే వెనక పట్టుకునేవాళ్లు లేరన్న బెదురు నాకు మొదటినుంచీ ఉంది, పరీక్ష హాల్లో రెండు పెన్నులకు బదులు నాలుగు తీసుకెళ్లేదాన్ని. ఈ పెట్టెలోకి కూడా ఇంకో ఖాళీ గొట్టం తెచ్చిపెట్టుకున్నాను, ఇది వంకరపోతే అదుంటుందని, అదుగో ఆ మూల బుద్ధిగా పడుకుని ఉంది.

ఒక గొట్టానికి ఒకే చెయ్యి. ఇది మా దగ్గర ఎక్కడా రాసిపెట్టని కట్టుబాటు, అయినా ఎవరూ తప్పరు. సగం నేను, సగం నువ్వు అంటే కుదరదు, ఎందుకంటే దట్టించే చేతి బరువు మనిషి మనిషికీ వేరు, వదులుగా ఉన్నచోట రోలర్ల కింద వెండి లోపలికి కుంగుతుంది, గట్టిగా ఉన్నచోట ఉబ్బుతుంది, లోపలి నల్ల గీత అలలు అలలుగా పోతుంది, సన్నబడ్డచోట కరెంటుకు ఊపిరాడదు. టేపును ఎక్స్‌రే తీస్తే నింపినవాళ్ల చేతివాటం అందులో దొరికిపోతుంది, సీనియర్లు ఒక్క చూపు చూసి, ఇది పొట్టివాడి గొట్టం, వాడికి ఆకలేసినప్పుడు నింపాడు అని చెప్పేస్తారు, నిజమే అయ్యుంటుంది. అందుకే మొదటిరోజే సార్ అన్నారు, నీ చెయ్యి మరిచిపోలేని లయ ఏదో ఒకటి పట్టుకోమ్మా, మనసు ఎటు తిరిగినా చెయ్యి మాత్రం దాంతోనే ఉండాలి. మాతో పనిచేసే ఆ పొట్టివాడు వాళ్ల చెల్లెలి ఉయ్యాల కిర్రుమన్న లెక్కన దట్టిస్తాడు. సార్ గుణింతం చదువుతారు, కా కి కీ అని పెదవులు కదలడం గాజులోంచి కనిపిస్తుంది. నాకు దొరికింది పదమూడో ఎక్కం. చెంచాకు ఒక ఎక్కం, మాటకు ఒక దెబ్బ, పదమూడొకట్లు పదమూడు, పదమూడు రెళ్లు ఇరవయ్యారు, తొందర లేదు, పదమూడు మూళ్లు ముప్ఫైతొమ్మిది, కడ్డీ తన బరువుతో తనే దిగుతుంది, నేను పైకి ఎత్తడమే.

అమ్మకు ఎక్కాలు రావు, నాకు ఎక్కాలు నేర్పింది మాత్రం అమ్మే. దుకాణంలో బల్ల పక్కన నిలబెట్టి చెప్పించేది, నాన్న ఇస్త్రీ చేస్తుంటే అమ్మ బట్టల మీద నీళ్లు చిలకరిస్తూ ఉండేది, నేను ఒప్పజెప్తూ ఉండేదాన్ని, ఎక్కడ తప్పినా చటుక్కున ఆ నీళ్ల చెయ్యి నా మొహం మీదికి తిరిగేది, చల్లగా నాలుగు చుక్కలు, అక్కడ తప్పింది, మళ్లీ మొదటినుంచి అనేది. నాకు చాలాకాలం ఆశ్చర్యంగా ఉండేది, అంకె మొహం ఎరగని మనిషికి తప్పు ఎలా తెలుస్తోందని. చాలా పెద్దయ్యాక అడిగాను. తెలియకపోవడానికేముందే, నిజం చెప్పేటప్పుడు నీ గొంతు ఒకే నడక నడుస్తుంది, తెలియనప్పుడు గుంట దాటేవాడిలా కాస్త ఆగి అడుగేస్తుంది అంది. పదమూడో ఎక్కంలో నేను ఆగేది ఏడు దగ్గర, పదమూడు ఏడులు, ఆ తొంభైఒకటి దగ్గర నా మొహం ఎన్నిసార్లు తడిసిందో. అన్నిసార్లూ రాక కాదు, ఎండాకాలం కావాలని కూడా తప్పు చెప్పేదాన్ని, అది కూడా అమ్మకు తెలిసిపోయేది, అప్పుడు చిలకరించకుండా చెంబెడు నీళ్లు నెత్తిన గుమ్మరించేది. పదమూడు పదులు నూటముప్ఫై. ఇంకో చెంచా.

మధ్య దగ్గరపడుతోంది. కడ్డీ మీద గీత గీసి పెట్టుకున్నాను, ఆ గీత గొట్టం అంచుకు సమంగా వస్తే సగం నిండినట్టు, ఆ చోటు ఇప్పుడు రాబోతోంది కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకో. కాయిల్ చుట్టే అక్క నిన్న సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి మరీ చెప్పింది. ఆవిడ ఈ భవనంలో అందరికీ అక్కే, సార్‌తో సహా, టేపును వేళ్ల మధ్యనుంచి పోనిచ్చి కళ్లు మూసుకుని చుడుతుంది. చుట్టడం ఒక చివరినుంచి మొదలుపెట్టదు. టేపు మధ్యను పట్టుకుని, దాన్ని అన్నిటికంటే లోపలి చుట్టులో పెట్టి, సగాన్ని పై బిళ్లగా, సగాన్ని కింది బిళ్లగా చుడుతుంది, జంట బిళ్ల అంటాం దాన్ని, రెండు చివర్లూ బయటివైపుకు వచ్చేస్తాయి. దానివల్ల టేపు మధ్యకు వచ్చినంత కష్టం ఇంక దేనికీ రాదు, వంపు అక్కడే ఎక్కువ, అయస్కాంతం ఒత్తిడీ అక్కడే ఎక్కువ. చివర్లయితే బయట చల్లగా కూర్చుంటాయి, పైగా వాటిని ఎలాగూ కాస్త కత్తిరించి పారేస్తాం. "చివర్లు నువ్వు ఎలా ఇచ్చినా సర్దుకుంటా పిల్లా, మధ్య మాత్రం నాకు మచ్చ లేకుండా కావాలి, అక్కడ గనక నలిగిందా, నిన్నే ఆ కాయిల్‌కు చుడతా" అంది. అక్క బెదిరింపులో కూడా నా చేతి మీద నమ్మకం వినిపించింది, రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఫోను. నా సంచిలో, నా వెనక, గోడ మేకుకు. అమ్మదే, అమ్మకు మాత్రమే ఆ డప్పుల మోత పెట్టాడు తమ్ముడు, అమ్మ పిలిస్తే నువ్వు లేచి పరుగెత్తాలి అన్నాడు వెధవ, మార్చడం నాకు చేతకాలేదు. మోగనీ, మోగి ఆగుతుంది, పదమూడు నాలుగులు యాభైరెండు. కానీ ఈ వేళప్పుడు అమ్మ చేయదు. ఈ వేళ దుకాణం కిటకిటలాడుతుంది, హోటలు వాళ్ల దుప్పట్లు వచ్చే వేళ, నాన్న తలెత్తడు, అమ్మ మడతలు పెడుతూ ఉంటుంది, ఈ వేళప్పుడు అమ్మ చేసిందంటే ఊరికే చేయలేదు. నాన్నకు చెయ్యి కాలిందా, కాలితే చేయదు, కాలడం మామూలే, వెన్న రాసుకుంటాడు. తమ్ముడు బండి మీంచి పడ్డాడా, పడితే వాడే చేస్తాడు, ఫొటో తీసి మరీ పంపుతాడు. ఆగింది. అమ్మయ్య. మళ్లీ మొదలైంది. రెండోసారి చేస్తోందంటే ఏదో ఉంది, అత్తయ్యకు బాగాలేదా, మొన్న మోకాలు అంది, మోకాలికి రెండుసార్లు ఫోను చేస్తారా, ఇంటాయన ఖాళీ చేయమన్నాడా, పైకప్పు కారుతోందా, వాన లేనిదే ఎందుకు కారుతుంది, నాన్నకు గుండెలో ఏమైనా, ఛీ, మెట్లెక్కితే నాకంటే ముందు పైనుంటాడు, మరి అమ్మకేమైనా, అమ్మకేమైనా అయితే అమ్మ ఎలా ఫోను చేస్తుంది, పక్కవాళ్లు అమ్మ ఫోనులోంచి చేస్తారు, అవును అలాగే చేస్తారు, పదమూడొకట్లు పదమూడు పదమూడురెళ్లిరవయ్యారు పదమూడుమూళ్లుముప్ఫై, ఫోను ఆగింది, నా చెయ్యి ఆగింది.

గది ఎంత నిశ్శబ్దంగా ఉందో. పెట్టె వెనక పంపు ఒక్కటే ఊపిరి తీస్తోంది. నా చెయ్యి ఎందుకు ఆగిందో నాకంటే ముందు దానికే తెలిసింది. ఎక్కం చెంచాకు ఒకసారి రావాలి, రెండుసార్లు పూర్తయింది, మూడోసారి సగంలో ఉన్నాను, డప్పులు ఎలా కొట్టాయో నా కడ్డీ అలా కొట్టింది. ఎత్తీ ఎత్తకముందే దించాను, బరువు పడనేలేదు, పైపైన టకటకలాడించాను, ఒక చెంచా కాదు, రెండు, మూడు చెంచాల మేర. మా ఇంట్లో డప్పులు మోగితే తమ్ముడి కాలు ఆడుతుంది, నాకు చెయ్యి ఆడింది, అంతే తేడా. కడ్డీని మెల్లగా దించి చూశాను. గీత గొట్టం అంచుకు సమంగా నిలిచింది, దారంవాసి తేడా లేకుండా. ఇంకెక్కడా చోటు దొరకనట్టు, సరిగ్గా మధ్యలో.

గొట్టంలో ఇది వేలెడు, టేపులో మనిషి నిలువుకు మించి వస్తుంది, అక్క కాయిల్ లోపలి చుట్లన్నీ ఇదే. తోడేద్దామా, తోడకూడదు, కడ్డీతో గీరితే మెత్తని వెండి లోపలంతా చీరుకుపోయి రేకులు పౌడరులో కలుస్తాయి, అది వదులుకంటే పాపం. పైనుంచి గట్టిగా దట్టిస్తే, పై పొర గట్టిపడుతుంది కానీ దెబ్బ కిందికి దిగదు, ఇప్పుడున్న రోగానికి ఇంకోటి తోడవుతుంది. ఏమీ తెలియనట్టు పైన చక్కగా నింపుకుపోతే, ఎక్స్‌రేలో పడుతుంది, పడినా ఆ రోజుకు టేపు చుట్టాల్సిందే, వేరే టేపు ఉండదు కదా, అక్క పళ్లు కొరుక్కుంటూ చుడుతుంది, హీలియంలో దింపాక ఆ లోపలి చుట్టు దగ్గరే వేడెక్కి కాయిల్ మొత్తం చతికిలబడుతుంది. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో అంత సులువుగా పోయింది, నా గొప్పేం లేదు, మొహం మీద చన్నీళ్లు పడ్డట్టయింది అంతే. ముక్కు దురద ఎప్పుడు పోయిందో తెలియలేదు. మధ్య, మధ్య, దిక్కుమాలిన మధ్య. నాన్న దుప్పటి మడత పెట్టేటప్పుడు మధ్య ఎక్కడుందో కొలవడు. రెండు కొసలూ తెచ్చి కలుపుతాడు, మడత ఎక్కడ పడితే అదే మధ్య. ఒకసారి హోటలు వాళ్ల పెద్ద దుప్పటి నడిమధ్యన ఇస్త్రీపెట్టె మరిచిపోయి కాలేశాడు, పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ, నాన్న నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడితే అమ్మ ఏమీ అనలేదు, కత్తెర తీసుకుని ఆ మచ్చ వెంటే నిలువునా కోసేసింది. నాన్న కెవ్వుమన్నాడు. అమ్మ మచ్చను అంచుల్లోకి మడిచి కుట్టేసి, రెండు చిన్న మంచాలకు రెండు దుప్పట్లు అని హోటలాయన చేతిలో పెట్టింది, ఆయన అటూ ఇటూ తిప్పి, మాకు చిన్న మంచాలు కూడా ఉన్నాయిలే అని పట్టుకుపోయాడు. కోసేదాకా అది నడిమి మచ్చ. కోశాక అంచు.

నా గొట్టానికి పై చివర ఎక్కడుందని ఎవరు చెప్పారు. నేను నింపడం ఎక్కడ ఆపితే అక్కడ. ఇక్కడే బిరడా దించేస్తే ఈ వదులు చోటు మధ్య కాదు, కొస, కత్తిరించి పారేసే కొస. కింద ఉన్న సగం అంతా నా చెయ్యే, ఒకే నడక, దానికి దాని మధ్య దానికుంటుంది. మిగిలిన పౌడరు ఆ మూలన ఉన్న రెండో గొట్టంలో పోస్తే అదీ సగం వరకు నిండుతుంది. సందంత టేపు ఒకటి కాదు, సగం సందంతవి రెండు. రెండు చిన్న జంట బిళ్లలు, ఒకదాని మీద ఒకటి, రెండింటినీ కలపడానికి బయటివైపు ఒక అతుకు. ఒక అతుకు. సార్ అందరి ముందూ లేదన్న అతుకు. అతుకు లేని టేపు నాదని ఇంట్లో కూడా చెప్పేశాను, నాన్న ఈపాటికి ఊరంతా చెప్పేసి ఉంటాడు.

తలుపు తోసుకుని అక్క వచ్చింది, భోజనం డబ్బా ఒక చేతిలో, పంటికింద ఏదో నములుతూ.

"ఏం పిల్లా, మధ్య దాటావా?"

"మధ్య దగ్గర చెయ్యి తప్పింది అక్కా. ఫోను మోగింది, దాని వేగంలో పడిపోయాను. వేలెడు వదులుగా పడింది."

అక్క నమలడం ఆపింది. గాజు దగ్గరికి వచ్చి, డబ్బా కింద పెట్టి, కడ్డీ మీద గీతవైపు చూసింది, చాలాసేపు చూసింది.

"ఫోను ఆపేసి కూర్చోవాలని తెలీదూ?"

"తెలుసు."

"తెలిసీ?"

"అమ్మ ఎప్పుడైనా చేస్తుందేమోనని ఆపను. ఇంక ఆపుతాను. అక్కా, ఇక్కడే మూత పెట్టేస్తాను. ఇది కొస అవుతుంది, మిగతాది ఆ గొట్టంలో నింపుతాను, నీకు చిన్నవి రెండొస్తాయి." మాట ఎక్కడా ఆగలేదు, ఆగుతుందేమోనని నేనే వింటున్నాను.

"అతుకో?"

"బయటి చుట్టులో."

"బయటి చుట్టులో వేస్తారని నాకు నువ్వు చెప్తున్నావు." అక్క మొహంలో ఏముందో గాజు మీది ముక్కుల మరకల వెనక సరిగ్గా కనబడలేదు. "అతుకు వేడి పుట్టిస్తుంది, ఎంత బాగా వేసినా చీమంత పుడుతుంది, అది హీలియం తాగుతుంది. నీ వదులు మధ్య పెట్టి చుట్టమంటే మాత్రం కాయిల్‌నే తాగేస్తుంది. సార్‌కు ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను."

"నువ్వే చెప్పాలి, నేనైతే ఆ సమావేశంలో లేను, హాయిగా టీ తాగుతున్నాను" అంది, అంటుండగానే వెనక డప్పులు. నా చెయ్యి ఈసారి కడ్డీని వదిలేసి దూరంగా జరిగింది, వేడి పెనం నుంచి జరిగినట్టు. అక్క సంచిలో చెయ్యి పెట్టి ఫోను తీసి, నన్ను అడక్కుండానే ఎత్తి, స్పీకరు నొక్కి గాజుకు ఆనించి పట్టుకుంది.

"ఎత్తవేమే, ఎన్నిసార్లు చేయాలి" అమ్మ గొంతు, వెనక ఎవరో నవ్వుతున్నారు, ఇస్త్రీపెట్టె బల్ల మీద దభీమని పడ్డ చప్పుడు, నాన్న దగ్గు, అంటే నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, పైకప్పు ఉంది, అందరూ ఉన్నారు. "ఎదురు దుకాణం టైలరు బాబాయి లేడూ, ఇనుము అయస్కాంతానికి అతుక్కునేది, అది ఉన్నచోట మీ అమ్మాయి చెప్పే కరెంటు చచ్చినా పారదు, పేపర్లో చదివా అంటున్నాడే. నేను పారుతుందన్నాను. టీ పందెం. తొందరగా చెప్పు, దుప్పట్లు ఆగిపోయాయి ఇక్కడ."

దీనికి మూడుసార్లు. దీనికి నా గొట్టం మధ్య. నవ్వాపుకోవాలని చూశాను, గాజంతా ఆవిరి పట్టేసింది. "బాబాయి అన్నది తప్పేం కాదమ్మా" అని గట్టిగా అరిచాను, గాజు అడ్డం కదా, "చాలాకాలం పెద్దపెద్దవాళ్లందరూ అదే అనుకున్నారు. తర్వాత చూస్తే ఇనుములోనే పారింది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది అదే."

"అయితే నేను గెలిచినట్టేనా?"

"నువ్వే గెలిచావు."

"విన్నావుగా మరిదీ, పంచదార ఎక్కువ వేయించు" అంది అవతలివైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగి, "ఇంతకీ నీ గొంతేంటే బావిలోంచి వస్తోంది? ఎవరు పట్టుకున్నారు ఫోను?"

"నేనండీ, కాయిల్ చుట్టేదాన్ని" అంది అక్క, నావైపే చూస్తూ. "మీ అమ్మాయి చేతులు పెట్టెలో ఉన్నాయి. నాకు ఒక పెద్ద టేపు ఇస్తానని చెప్పి, ఇప్పుడు చిన్నవి రెండు అంటగడుతోంది."

అమ్మ బేరంలోకి దిగింది. "బాగుంటాయాండీ ఆ రెండూ?" అని అడిగింది.

అక్క వంగి, ఆవిరి పట్టిన గాజును కొంగుతో తుడిచి, గొట్టాన్ని కిందినుంచి పైదాకా చూసింది, తర్వాత నా చేతులవైపు, తర్వాత నా మొహంవైపు. "బాగానే ఉంటాయండీ" అంది. "ఒకే చేతివి కదా." ఫోను పెట్టేసి, స్విచ్చి ఆపేసి, సంచిలో పడేసింది. "మూత పెట్టు. ఎంతసేపు అలా నోరు తెరుచుకుని ఉంచుతావు, నీదీ, గొట్టానిదీ. నేను పోయి చుట్టడానికి చిన్న అచ్చులు రెండు వెతుకుతాను, ఎప్పుడో అటకెక్కించారు" అని డబ్బా తీసుకుని వెళ్లిపోయింది, తలుపు దగ్గర ఆగి, "ఈ రెండోదాని మధ్య కూడా పాడుచేశావనుకో, మూడు చుట్టమంటావు నన్ను, అదీ చూస్తాను" అనేసి మరీ.

వెండి బిరడా తీసుకుని గొట్టం నోట్లో పెట్టాను, కడ్డీతో నెట్టాను, మెత్తగా, ఏ ఇబ్బందీ లేకుండా దిగి పౌడరు మీద కూర్చుంది. పైన సగం గొట్టం ఖాళీగా మెరుస్తోంది, అది బయట కోసేస్తాం, దానికీ పని దొరుకుతుంది, పరీక్ష ముక్కలకు. ఇంత పొడవు ఒక్కటే టేపుగా, నా చేతినుంచి, అతుకు లేకుండా పోతుందని వేసవంతా అనుకున్నాను, కొలిమి ముందు కూర్చుని అనుకున్నాను, పౌడరు నూరుతూ అనుకున్నాను, ఆ అనుకున్నదంతా ఈ బిరడా కింద సగంలో ఆగిపోయింది, దిగులు రావాలి కదా అని కాసేపు చూశాను, వచ్చింది, కాస్త వచ్చింది, కానీ దాన్ని తోసుకుంటూ రెండు చిన్న బిళ్లలు ఒకదాని మీద ఒకటి, పెద్ద అయస్కాంతం కడుపులో, చుట్టూ హీలియం, కరెంటు లోపలి చుట్టులోంచి ఏ గుంటా తగలకుండా తిరుగుతూ ఉండటం కనిపించింది, దాని ముందు దిగులు నిలవలేదు. రెండో గొట్టాన్ని ముందుకు లాక్కున్నాను. స్టాండుకు బిగించాను. దీని మధ్య ఎక్కడ పడుతుందో ఇంకా ఎవరికీ తెలియదు, నేను ఆపేదాకా నాకూ తెలియదు.

మెట్ల మీద సార్ అడుగులు. భోజనం అయ్యాక రెండు మెట్లకోసారి ఆగి గొంతు సవరించుకునే అలవాటు ఆయనకు, దగ్గరికొస్తున్నారు. చేతులు మోచేతులు దాటి పెట్టెలో ఉన్నాయి, పారిపోదామన్నా వీల్లేదు, పారిపోదామనీ లేదు. ఆయన తలుపు తీయగానే ముందు నేనే మాట్లాడాలి, సార్, ఒకటి కాదు, రెండు అని, అతుకు ఎందుకో ఆ తర్వాత, గొంతు అదే నడకలో. చెంచా నింపుకున్నాను, ఒక్క రేణువు బయట పడకుండా గొట్టం మూతి మీదికి తెచ్చాను, తలుపు పిడి తిరిగింది.